మడతల మాస్టారి దగ్గు

మడతల మాస్టారు ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. ఆయనది ఇస్త్రీ దుకాణం. బజారు వీధి మలుపు తిరగ్గానే సైకిల్ షాపు, దాన్ని ఆనుకుని ఈ దుకాణం, ఎదురుగా బొత్తాలూ దారాలూ అమ్మే కొట్టు. రెండు మంచాలు వేస్తే మూడో మనిషి నిలబడటానికి చోటుండని గది అది. ఆయన మడిచిన చొక్కాని సంచిలో కుక్కుకుని ఊరెళ్ళి తీసినా మడత మడతలాగే ఉండేదని చెప్పుకునేవాళ్ళు. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు ఎవరైనా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవారు, ఎవర్నబ్బా అని.

పనిలో ఆయనకి ఒక వరస ఉండేది. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతుల పట్టీలు, తర్వాత చేతులు, ఒళ్ళు ఆఖర్న. "ఒళ్ళు ముందు చేసేవాడు ముఖం కడుక్కోకుండా పౌడరు రాసుకునేవాడితో సమానం" అనేవారు. కరెంటు పెట్టెలు వచ్చి అందరూ వాటికి మారినా ఆయన బొగ్గుల పెట్టె వదల్లేదు. ఇత్తడిది, బరువైనది. బట్టని నొక్కాల్సింది పెట్టె బరువేగానీ మనిషి బరువు కాదన్నది ఆయన వాదం.

పెళ్ళయి వచ్చిన కొత్తలోనే భార్య దుకాణం పనిలో చెయ్యి వేసింది. బొగ్గులు రాజెయ్యడం, బూడిద ఊదడం, బట్టలకి నీళ్ళు చిలకరించి చుట్టలు చుట్టి పెట్టడం, ఇళ్ళకి మూటలు చేర్చడం అన్నీ ఆమే. పెట్టె మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. ఆమెది ఎడమచేతి వాటం.

"నువ్వు చేస్తే మడత ఎడమ నుంచి పడుతుందే. నా గిరాకీ నా మడతకి అలవాటుపడ్డారు" అనేవారు.

 అన్నం వండితే ఏ చేత్తో కలిపానో అడగరు కదా అని ఆమె మనసులో అనుకునేది.

ఒక రోజు పొద్దున, ఎవరివో కిటికీ తెరలు చేస్తుండగా, మాస్టారి కుడిచెయ్యి పెట్టెని వదిలేసింది. జారిపోలేదు, చెయ్యే వదిలేసింది. ఆయన దాని వంక ఆశ్చర్యంగా చూశారు, వేరేవాళ్ళ చెయ్యేదో అక్కడికి వచ్చినట్టు. తర్వాత మూతి వంకరపోయింది, కాలు మడతపడింది. పక్క షాపు సైకిల్ మామ ఎత్తుకుని ఆస్పత్రికి చేర్చాడు. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూనైనా నడిచేంతకి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పిండి దండెం మీద వేసిన తువ్వాలులా వేలాడుతూ ఉండిపోయింది. "ఇది ఇంతే" అన్నాడు డాక్టరు. మంచివాడు, తిప్పి తిప్పి చెప్పలేదు.

దుకాణం మూతపడింది. కూతురు రెండు వీధుల అవతల మందుల షాపులో లెక్కలు రాస్తుంది. ఆ జీతం మీద ముగ్గురూ బతకడం చలికాలంలో పొట్టి దుప్పటి కప్పుకున్నట్టే అయింది, తల కప్పితే కాళ్ళు బయట.

ఒక రోజు మాస్టారే అన్నారు. "దుకాణం తెరుద్దాం. నేను ముందు కూర్చుంటా. నువ్వు వెనక చెయ్యి. కానీ చేసేది నువ్వని పురుగుకి కూడా తెలియకూడదు."

"తెలిస్తే ఏమవుతుంది?"

"చెయ్యి పోయినవాడికి బట్టలెవరిస్తారే? జాలిపడి ఒకసారి ఇస్తారు. రెండోసారి జాలిపడటానికి ఎవరికీ తీరికుండదు."

అలా గది మధ్యలో తెర వెలిసింది. ఎవరో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని పువ్వుల దుప్పటి అది. చెయ్యి మళ్ళీ పనిలోకి వచ్చిందని, పొగ గిరాకీ మీదకి రాకుండా తెర కట్టామని చెప్పారు. తెర వెనక ఆమె, ముందు కుర్చీలో ఆయన. ఎవరైనా దుకాణం వైపు వస్తుంటే ఆయన ఒక దగ్గు దగ్గేవారు. ఆ దగ్గు వినగానే ఆమె పెట్టెని దిమ్మ మీద ఆనించి, మూలనున్న చీపురు అందుకుని ఊడ్చేది. ఆయన అప్పుడే పనిలోంచి లేచి వచ్చినట్టు తెర పక్కన నిలబడి, ఎడమచేత్తో తువ్వాలు తీసుకుని నుదురు తుడుచుకునేవారు. ఆ చెమట మాత్రం అబద్ధం కాదు. లేచి నిలబడినా ఆయనకి చెమటే.

మొదట్లో ఆమెకి పని కుదరలేదు. ఆయన తెర ఇవతల్నుంచి చెవితోనే కనిపెట్టేవారు.

"అక్కడ ఆగావేం?"

"ఆగలేదు."

"ఆగావు. చప్పుడు ఆగింది. ఆగితే కాలుతుంది. కదుపు."

"ముఖం కనిపించకుండా తిట్టడం సుఖంగా ఉన్నట్టుందే మీకు!"

"పెళ్ళయిన కొత్తలోనే కట్టాల్సింది ఈ తెర."

మెల్లగా చెయ్యి తిరిగింది. కాలరు నిలబడింది, చేతుల అంచు గీత గీసినట్టు వచ్చింది. మడత మాత్రం ఎంత ప్రయత్నించినా ఎడమ నుంచే పడేది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చూడలేదనుకున్నారు ఇద్దరూ.

అలా రెండేళ్ళు గడిచాక ఆమె మణికట్టు వాయడం మొదలుపెట్టింది. ముందు సాయంత్రాలు, తర్వాత పొద్దున కూడా. నొప్పి మోచేతి దాకా పాకి భుజం ఎక్కింది. కూతురు పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళితే, "బరువు ఎత్తకండి, చేతికి విశ్రాంతి ఇవ్వండి" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. చేపని నీళ్ళు మానెయ్యమన్నట్టుంది.

"తేలికపాటి కరెంటు పెట్టె కొందామమ్మా" అంది కూతురు.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు బరువు తగ్గించాడేంటని అడుగుతారు. ఏం చెప్పను?" అన్నారు మాస్టారు. భార్య చెయ్యి వాచిందని అప్పటికి ఆయనకి తెలియదు. ఆమె చెంగు కిందే ఉంచుకునేది.

ఆ పిల్లే ఎక్కడో విని వచ్చింది. పని చేయలేని స్థితిలో ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తుందట. డాక్టరు కాగితం ఉండాలి, తర్వాత ఆఫీసు నుంచి మనిషి వచ్చి నిజంగానే పని చేయడం లేదా అని చూసుకుంటారు. అంతే.

"పని చేయలేనివాణ్ణని నేనే రాసివ్వాలా?" అన్నారు మాస్టారు.

"రాసేది నేను. నువ్వు సంతకం పెట్టాలి నాన్నా."

"ఏ చేత్తో?"

కూతురు తల దించుకుంది. ఆయనకే కష్టమనిపించి, "సరే, వేలిముద్ర వేస్తాలే. ఎడమ వేలు కూడా నాదేగా" అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు, ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియకూడదని. ఆయన అడిగింది అదొక్కటే కదా అని తల్లీకూతుళ్ళు ఒప్పుకున్నారు. తప్పు అక్కడే జరిగింది.

డాక్టర్లు చెయ్యి నొక్కారు, గుచ్చారు, సుత్తితో కొట్టారు, పనికిరాదని కాగితం ఇచ్చారు. ఇక రావాల్సింది ఆఫీసు మనిషే.

అతను ఒక మధ్యాహ్నం వచ్చాడు. భుజానికి సంచి, దుమ్ముకొట్టుకున్న చెప్పులు. ముందు సైకిల్ షాపులో కూర్చున్నాడు, తర్వాత ఎదురు కొట్టులో నిలబడ్డాడు, ఆఖర్న ఇటు వచ్చాడు. మాస్టారు దగ్గారు. ఆమె చీపురు పట్టుకుంది.

"ఇస్త్రీ మీరే చేస్తారా?" అని అతను అడగడం తెర వెనక నుంచి విన్నది.

"మరెవరు చేస్తారు?" అన్నారు మాస్టారు. గిరాకీ ఎప్పుడు ఆ మాట అడిగినా ఆయన నోట్లో ఆ జవాబు సిద్ధంగా ఉండేది. అతను ఊఁ అన్నాడు. వెళ్ళిపోయాడు.

సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి బొత్తాల వదిన వచ్చింది. ఎదురు కొట్టు ఆవిడదే. మాస్టారు సైకిల్ మామతో కబుర్లలో ఉండటం చూసి, తెర వెనక్కి దూరి, కళ్ళు మెరిపిస్తూ కూర్చుంది.

"పిల్లకి సంబంధం చూస్తున్నారని ఒక్క మాటైనా చెప్పలేదేం వదినా?"

"ఏ సంబంధం?"

"ఓయబ్బో, నా దగ్గరా దాపరికం! మధ్యాహ్నం ఒక సంచీ ఆయన వచ్చాడు. మీ వాళ్ళు ఎలాంటివాళ్ళు, ఇంటాయన ఏం చేస్తాడు, రోజూ పనిలోకి వస్తాడా, ఒంట్లో బాగుంటుందా అని ఒకటే ఆరా. సంబంధం వాళ్ళు కాకపోతే అంత లోతుగా ఎవరడుగుతారు? నేనూరుకున్నానా! ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పాను. మనిషి ఉక్కు, పొద్దున పెట్టె పట్టుకుంటే చీకటి పడితేగానీ దించడు, ఆ చేతి మడత ఈ చుట్టుపక్కల లేదు అన్నాను."

ఆమె చుడుతున్న మూట వదిలేసింది.

"మామ అయితే నన్ను మించిపోయాడు. జబ్బేంటి, మాస్టారికి జలుబు కూడా రాదు అన్నాడట. ఇంక సంబంధం ఖాయమే అనుకో. ఏంటలా అయిపోయావు?"

ఆమె బొగ్గుల బుట్ట మీద కూలబడింది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఎన్నిసార్లు విన్నదో, దాని రుచి ఇప్పుడు తెలిసింది. నెమ్మదిగా అంతా చెప్పింది, అతను సంబంధం మనిషి కాదని, పింఛను విచారణకి వచ్చాడని.

బొత్తాల వదిన నెత్తి కొట్టుకుంది. "నా నోరు పడిపోను! మాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"ఆయన వద్దన్నారు. చెయ్యి పనిచెయ్యడం లేదని వీధిలో తెలియకూడదని..."

బొత్తాల వదిన ఆమె ముఖం వంక చూసింది. జాలా, నవ్వా, ఏదో చెప్పలేని చూపు అది.

"తెలియకపోవడమేంటి వదినా? అన్నయ్య దగ్గగానే నువ్వు చీపురు పట్టుకుంటావు. రెండేళ్ళుగా రోజుకి పాతికసార్లు ఊడ్చిన దుకాణం ఈ ఊళ్ళో ఇంకొకటుందా? చూసేవాళ్ళకి కళ్ళుండవా?"

"అందరికీ తెలుసా?"

"బ్యాంకు గుమాస్తా గారికి చొక్కా మడత చూడగానే తెలిసిందట. మడత చేతివాటం మార్చుకుంది అని నాతో అన్నారు. అన్నయ్యకి దాచుకోవాలని ఉన్నప్పుడు మనం చూడటం ఎందుకులే అని ఎవరికివాళ్ళం ఊరుకున్నాం."

ఆమె ఒక్కసారిగా వదిన చెయ్యి పట్టుకుంది. "ఆయనతో అనకు. మీకు తెలుసని తెలిస్తే రేపట్నుంచి ఆ కుర్చీలో కూర్చోలేరు."

"నేనెందుకంటాను" అంది వదిన. పోతూ పోతూ తిరిగి చూసి, "పోనీలే, సంబంధం అయినా నిజమైతే బాగుండేది" అంది.

కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కూతురు చదివింది. విచారణలో దరఖాస్తుదారు ప్రతిరోజూ ఇస్త్రీ పని చేసుకుంటున్నట్టు, పనిలో మంచి పేరున్నట్టు తేలింది కాబట్టి పింఛను ఇవ్వడం కుదరదు.

పనిలో మంచి పేరు అన్న మాట దగ్గర మాస్టారి ముఖం వెలిగింది. రెప్పపాటే. భార్య ఒక్కతే చూసింది. చూసి, కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియక, లేచి నీళ్ళ కుండ మీద మూత సరిచేసింది.

"నాన్నా, వచ్చినవాళ్ళందరికీ నేనే చేస్తున్నానంటే ఎలా?" అని కూతురు గొంతు పెంచింది.

"గిరాకీ అనుకున్నా."

"చేతిలో బట్టలు లేకుండా గిరాకీ వస్తారా?"



ఇంకొక్కసారి పెట్టుకోవచ్చట. మళ్ళీ మనిషి వస్తారు, ఎప్పుడో చెప్పరు. ఈసారీ కాదంటే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. కూతురు ఉన్నదున్నట్టు రాసిచ్చి వచ్చింది. ఆ రోజు దుకాణం తెరుస్తూ భార్య అంది, "ఈసారి ఎవరొచ్చినా దగ్గొద్దు."

"వచ్చినవాడు ఎవరో ముఖం మీద రాసుంటుందా? గిరాకీ ముందు నా పరువేం కావాలి?"

"మీ పరువుని మేమేం చేశాం? తెర కట్టి మరీ కాపాడాం."

ఆయన ఆ రోజు కూడా దగ్గారు. మర్నాడూ దగ్గారు. ఆమె చీపురు పట్టుకుంటూనే ఉంది. వీధికంతా తెలుసని తెలిశాక ఆ ఊడవడం మరీ కష్టంగా ఉండేది. నాటకం చూసేవాళ్ళకి వేషం తెలిసిపోయాక ఇంకా రంగు పూసుకుని ఆడుతున్నట్టు.

అప్పుడే చొక్కా కాలింది. బ్యాంకు గుమాస్తా గారిది, తెల్లది. కాలరు మూల తిరగేసేటప్పుడు పెట్టె పైకి ఎత్తాలి. ఆమె ఎత్తబోయింది, మణికట్టు లేవలేదు. అంతే. ఆమెకన్నా ముందు వాసన ఆయనకి తెలిసింది. తెర తోసుకుని లోపలికి వచ్చారు. కాలరు మీద పెట్టె మూతి ఆకారంలో పసుపుపచ్చ మచ్చ.

కాలిన బట్ట కనిపిస్తే ఆయన చేసే రభస ఇంతా అంతా కాదు. ఆ రోజు చొక్కా వంక చూడనే లేదు. ఎడమచేత్తో ఆమె ఎడమచెయ్యి పట్టుకుని, చెంగు తొలగించి, వాచిన చోట బొటనవేలితో నొక్కారు. ఆమె పళ్ళు బిగించింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏమో."

"ఏమో ఏంటి? నీ చెయ్యేగా?"

"నా చెయ్యని ఎవరితో చెప్పాను?" అంది ఆమె. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఇంతలో బయట అడుగుల చప్పుడు. ఆయన గబగబా ముందుకెళ్ళి దగ్గారు. ఆమె చీపురు అందుకుంది గానీ పట్టు కుదరక గోడకి ఆనించి ఊరికే నిలబడింది. వచ్చింది గుమాస్తా గారే.

"నేనే కాల్చానండి. చూపు తప్పింది. కొత్తది కొనిస్తాను" అంటున్నారు మాస్టారు.

"కొత్తది కొనిస్తే మళ్ళీ దాన్ని కూడా ఇస్త్రీ చెయ్యాలి. పని పెంచుకోవడం ఎందుకు మాస్టారూ? పైన కోటు వేస్తాను, మీదీ నాదీ ఇద్దరి గుట్టూ దాగుతుంది" అని గుమాస్తా గారు నవ్వి, కాలిన చొక్కా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆమె తెర వెనక కదలకుండా నిలబడింది. కాల్చింది తను. ఆ తప్పు కూడా ఆయనే తీసేసుకున్నారు. మంచి మడతలన్నీ ఆయనవే అయినప్పుడు ఏమీ అనిపించలేదు. ఈ ఒక్క మచ్చ మాత్రం నాది అని బయటికెళ్ళి చెప్పాలనిపించింది. బొగ్గులు కెలికి తర్వాతి చొక్కా అందుకుంది.

ఆ తర్వాత రెండు రోజులు మాస్టారు తెర ఇవతల్నుంచి ఒక్క తప్పూ పట్టలేదు. ఇద్దరి మధ్యా పెట్టె చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మూడో రోజు ఆమె లంగావోణీలూ చొక్కాలూ ఒక దొంతరగా పెట్టుకుని చేస్తోంది. ఎండ ముదిరిన వేళ, వీధిలో జనం పలచగా ఉన్నారు. బయట ఏవో అడుగులు వచ్చి సైకిల్ షాపు ముందు ఆగాయి. ఆడగొంతు, తెలియని గొంతు, ఏదో అడిగింది. ఆ అడుగులు ఇటు కదిలాయి. ఆమె చెవి దగ్గు కోసం సిద్ధంగా ఉంది. రాలేదు. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. దగ్గు లేదు. నిద్రపోయారా ఏంటి అనుకుంది.

"నమస్కారమండీ. ఆఫీసు నుంచి వచ్చాను. ఇక్కడ ఇస్త్రీ ఎవరు చేస్తారు?" అంది ఆ గొంతు.

అప్పుడు వచ్చింది దగ్గు. మాస్టారిది కాదు. పక్కన సైకిల్ షాపులోంచి, టైరు పేలినట్టు, ఖళ్ళు ఖళ్ళున. మాస్టారు చూడలేదేమో పాపం, మనమైనా చెబుదామని సైకిల్ మామ ప్రాణం పెట్టి దగ్గుతున్నాడు. పింఛను సంగతి బొత్తాల వదిన మామకి చెప్పింది గానీ, రెండేళ్ళ అలవాటు ముందు చెప్పిన మాట ఎక్కడ నిలుస్తుంది?

"ఊరుకో మామా! దగ్గకు! దగ్గొద్దన్నానా!" అని ఎదురు కొట్టులోంచి బొత్తాల వదిన కేక.

దగ్గు ఎవరిదైతేనేం, ఆమె చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పెట్టె దిమ్మ మీదకి, చీపురు చేతిలోకి. రెండుసార్లు ఊడ్చింది కూడా.

కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచారు. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. పక్క షాపు దగ్గూ, ఎదురు కొట్టు కేకా రెండూ ఆయన చెవిలో పడ్డాయి కదా. అర్థం కావడానికి ఆ క్షణం పట్టి ఉంటుంది.

"ఇదిగో, ఆ చీపురు పక్కన పెట్టు. చొక్కా చల్లారిపోతుంది" అన్నారు.

పువ్వుల దుప్పటి పక్కకి జరిగింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారాయన. వెనక గొడుగూ ఫైలూ పట్టుకున్న చిన్నమ్మాయి, కూతురి ఈడుది.

"మా ఆవిడండి. రెండేళ్ళుగా చేసేది ఆవిడే. ఈ మడతలన్నీ ఆవిడవే. చూడండి, ఎడమ నుంచి పడతాయి."

"మరి మీరేం చేస్తారు?"

"నేను దగ్గుతాను."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"ఎవరైనా వస్తుంటే దగ్గుతాను. ఆవిడ పెట్టె దించి చీపురు పట్టుకుంటుంది. పని చేసేది నేననుకుంటారు జనం. అనుకుంటారని నేననుకున్నాను" అని మాస్టారు సైకిల్ షాపు వైపు చూశారు. అక్కడ్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికేనని ఆమెకి తెలిసింది, తప్పనిపించలేదు. పెట్టె ఒకసారి కుడిచేత్తో పట్టుకోమని ఆ అమ్మాయి అడిగింది. మాస్టారు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, పెట్టె పిడి మీద పెట్టారు. వేళ్ళు ముడుచుకోలేదు. ముప్ఫై ఏళ్ళు అరగదీసిన పిడి మీద ఆ చెయ్యి ఎవరో మర్చిపోయి పోయిన వస్తువులా పడి ఉంది. ఆమె ముఖం తిప్పుకుంది. ఆయన తిప్పుకోలేదు.

"చాలండి" అంది ఆ అమ్మాయి. రాసుకుంది. రాసుకుంటూ ఆమె మణికట్టు చూసి, "మీ చేతికేమైంది?" అని అడిగింది. చెప్పింది. "దీనికి కూడా ఏమైనా ఉంటుందామ్మా?" అని అడిగింది మాస్టారి భార్య, అడిగితే పోయేదేముందని. దీనికి ఏమీ లేదండి అంది ఆ అమ్మాయి, నొచ్చుకుంటూ. సరేనంది ఈమె.

ఆ అమ్మాయి బొత్తాల కొట్టుకీ సైకిల్ షాపుకీ మళ్ళీ వెళ్ళింది. ఈసారి బొత్తాల వదిన ఉన్నదానికి ఏమీ కలపలేదు. "మొన్న చెప్పిందంతా సంబంధం అనుకుని చెప్పిందమ్మా, కొట్టేయండి" అందట.

ఆ అమ్మాయి గొడుగు మలుపు తిరిగాక మాస్టారు వెళ్ళి సైకిల్ షాపు గుమ్మంలో నిలబడ్డారు. సైకిల్ మామ ఒక ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఆ ట్యూబు కొత్తది.

"మామా, ఎన్నాళ్ళుగా తెలుసు?"

"ఏం తెలుసు?"

"మామా."

"మొదటి రోజు నుంచే. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేత్తో మీసం దువ్వేవాడివి. అది మానేశావు."

"రెండేళ్ళు నా దగ్గు విని నవ్వుకున్నారన్నమాట అందరూ."

"నవ్వుకునేంత బాగా ఏం దగ్గావు? నీ దగ్గు వినబడితే నేను టీకి చెప్పేవాణ్ణి. గిరాకీ వచ్చాడు కదా, నీ లెక్కలో నాకూ ఒక కప్పు వస్తుందని."

 "అయితే ఇవాళ నీ లెక్కలో చెప్పు. ఇవాళ దగ్గింది నువ్వు" అన్నారు మాస్టారు.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోలేదు. ఆ కుర్చీని తెర అవతలికి ఈడ్చుకుని, బల్ల పక్కన వేసుకుని కూర్చున్నారు.

"దగ్గలేదేం?" అంది ఆమె, కాలరు తిరగేస్తూ.

"చేతిలో బట్టలు లేవు. ఫైలుంది."

"కనిపించినా దగ్గుతారేమో అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను" అన్నారాయన. కాలరు వైపు వంగి చూసి, "అంచు సరిగా రాలేదు. మళ్ళీ చెయ్యి" అన్నారు.

పింఛను రావడానికి ఇంకా చాలా నెలలు తిరగాల్సి వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు. మొదట కొన్నది తేలికపాటి కరెంటు పెట్టె. మాస్టారు దాన్ని ఎడమచేత్తో ఎత్తి చూసి, "ఇది పెట్టె కాదు, పిట్ట" అన్నారు. ఆమె మణికట్టు పూర్తిగా ఎప్పటికీ బాగుపడలేదు, వాపు మాత్రం తగ్గింది. ఇద్దరు గిరాకీలు వేరే దుకాణానికి పోయారు. చెయ్యి లేదని పోయారో, ఆడమనిషి చేస్తోందని పోయారో, ఇల్లు మారి పోయారో ఆమె ఆరా తీయలేదు. గుమాస్తా గారు మానలేదు. పువ్వుల దుప్పటి ఉతికితే మంచి దుప్పటే, కూతురు కప్పుకుంది. ఎవరైనా "ఏం మాస్టారూ, ఇస్త్రీ ఎవరు?" అంటే ఆయన ఇంక తడుముకునేవారు కాదు. "మా ఆవిడ. వంకలు పెట్టడం నా పని. పని అన్నానని ఆఫీసులో చెప్పకండి, పింఛను ఆపేస్తారు" అనేవారు.

ఆఖరి ఏడాది చలికాలంలో ఆయనకి నిజంగానే దగ్గు పట్టుకుంది. మందుల షాపు నుంచి కూతురు తెచ్చిన సీసాలన్నీ అయ్యాయి, దగ్గు పోలేదు. అయినా దుకాణానికి వచ్చి ఆమె బల్ల పక్కనే కూర్చునేవారు. ఆయన దగ్గిన ప్రతిసారీ ఆమె చెయ్యి పెట్టె మీద నుంచి లేచేది. లేచి, తప్పు తెలుసుకుని, మళ్ళీ దిగేది.

ఒక పూట ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. పక్కనుంచి సైకిల్ మామ గట్టిగా అరిచాడు.

"మాస్టారూ! గిరాకీయా?"

ఆయన ఊపిరి కూడదీసుకున్నారు.

"కాదు మామా. ఇది సొంతం."

 కాసేపటికి రెండు టీలు వచ్చాయి, మామ లెక్కలోనే. ఆమె చొక్కా చేతులు పూర్తి చేసి, దాన్ని తిప్పి, ఆఖర్న ఒంటికి వచ్చింది.